ఫౌజీకి బీటెక్ ఎలా?

సైన్యంలో వాహనాలు, ఆయుధాల మరమ్మతులు చూసే ఈఎంఇలో వెహికల్ మెకానిక్‌గా చేరేనాటికి నాది ఇంటర్ ఎంపీసీ. పగలంతా టీ-72 ట్యాంకు ఇంజనుతో కుస్తీ: పన్నెండు సిలిండర్ల డీజిల్, 780 హార్స్‌పవర్. రాత్రి రోల్‌కాల్ అయ్యాక బ్యారక్‌లో ఏఎంఐఈ పుస్తకాలు. ఉద్యోగం వదలకుండా ఇంజనీరు కావాలనుకున్న జవాన్లం చాలామందిమి ఆ దారే పట్టాం.

ఏఎంఐఈకి కాలేజీ ఉండదు, పరీక్షలే ఉంటాయి. 1920లో పుట్టి కలకత్తా నుంచి నడిచే ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వాటిని పెట్టేది. సెక్షన్ ఏ, సెక్షన్ బి రెండూ గట్టెక్కితే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలకు బీఈతో సమానం. పరీక్షలు ఏడాదికి రెండు విడతలు. అప్పుడే యూనిట్ ఎక్సర్‌సైజుకని రాజస్థాన్‌లోని మహాజన్ రేంజికి బయల్దేరిందా, ఆ విడత పోయినట్టే. అయితే పాసైన పేపర్లు ఎక్కడికీ పోవు, మిగిలినవి తర్వాత రాసుకోవచ్చు. ఆ వెసులుబాటే మమ్మల్ని నిలబెట్టింది. థర్మోడైనమిక్స్ నన్నేమీ భయపెట్టలేదు. కంప్రెషన్ తగ్గిన ఇంజను ఎలా మొరాయిస్తుందో చేతులకు తెలుసు. ఏడిపించింది డ్రాయింగే. ట్రంకుపెట్టె మీద బోర్డు పెట్టి గీతలు గీస్తుంటే పక్క మంచం హవల్దార్ లైటార్పమని గోల.

ఆ తలుపు ఇప్పుడు మూసుకుంది. 2013 మే 31 దాకా పేరు నమోదు చేసుకున్నవాళ్లకే ఆ సమాన హోదా. దూరవిద్య దారీ అంతే: 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు, సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ అనుమతి లేకుండా కొన్ని డీమ్డ్ యూనివర్సిటీలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలు చెల్లవంది. ల్యాబ్ మొహం చూడనివాడు ఇంజనీరెలా అవుతాడన్న ప్రశ్నతో నాకు పేచీ లేదు. కానీ ట్యాంకు గేర్‌బాక్సు విప్పి బిగించేవాడి వర్క్‌షాపు ల్యాబ్ కాదా?

సికింద్రాబాద్‌లోని ఈఎంఇ కాలేజీ ఎంసీఈఎంఇలో చదివే ఆఫీసర్ క్యాడెట్లకు జేఎన్‌యూ బీటెక్ పట్టా ఇస్తోంది. జవాను శిక్షణకూ విలువ కట్టొచ్చని అగ్నివీరుల విషయంలో ఇగ్నో ఒప్పుకుంది: మూడేళ్ల డిగ్రీలో సగం క్రెడిట్లు సైన్యంలో నేర్చిన పనికే. మంచిదే, కాకపోతే అది బీటెక్ కాదు. అదే లెక్క ఇంజనీరింగ్‌కూ వేయమనే నేనడిగేది.

ఉద్యోగుల కోసం సాయంత్రం బీటెక్‌కు 2023-24 నుంచి ఏఐసీటీఈ అనుమతిస్తోంది. డిప్లొమా ఉంటే నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. పనిచేసే చోటు మాత్రం కాలేజీకి దగ్గర్లో ఉండాలి. సికింద్రాబాద్ పోస్టింగ్ అయితే సరే, లేహ్‌లో ఉన్నవాడి సంగతో? చేరినా, పట్టా చేతికొచ్చేలోపు బదిలీ రాదన్న భరోసా లేదు.

ఈమధ్యే అగ్నివీర్‌గా చేరిన మా మేనల్లుడు "మావయ్యా, ఇంట్లో కూర్చునే బీటెక్ అని ప్రకటన చూశాను, కట్టేయనా?" అని ఫోన్ చేశాడు. "ఆగు అల్లుడూ, ఏఐసీటీఈ వెబ్‌సైట్‌లో ఆ కాలేజీ, ఆ కోర్సు రెండూ ఉన్నాయో లేదో చూడు. లేకపోతే ఆ డబ్బు మీ అమ్మకు పంపు" అన్నాను.