పప్పు చక్కగా నుడుకు నీరు



భూమిలో చౌడు హెచ్చినచో పైరు చెప్పును. త్రాగునీటిలో ఫ్లోరైడు హెచ్చినచో చెప్పునదేది? దానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు.

నేను పొలములు చూడబోయిన యొక గ్రామమున నొక పెద్దకాపు తన బోరునీరు చెంబుతో నిచ్చి, "అయ్యా, కొబ్బరినీళ్లవలె నున్నవి. పప్పు చిటికెలో నుడుకును. అప్పుచేసి వేయించిన బోరు" అనెను. ప్రక్కనున్న మనుమడు నవ్వగా ముందరిపండ్లపై సుద్దచారలును గోధుమమచ్చలును కనబడినవి. పప్పు త్వరగా నుడుకుట నీటిలో సున్నము తక్కువయనుటకు గుర్తు. రాతినేలలలో నట్టి నీటియందే ఫ్లోరైడు హెచ్చుగా కరగియుండుట కద్దు. పరీక్షింపగా హద్దునకు రెట్టింపు మించి తేలెను.

మన దేశమున నీ కీడును మొదట కనిపెట్టినవారు రైతులే. 1930 తరువాతి యేండ్లలో నప్పటి నెల్లూరు జిల్లాయందు దుక్కియెడ్ల కీళ్లు బిగిసి నడువలేకుండుటను వారు గమనించిరి. 1937లో షార్టు మొదలగు వైద్యులు మనుష్యులయందలి వ్యాధిని వర్ణించి ప్రకటించిరి. ఎనిమిదేండ్లలోపు బిడ్డలకు పండ్లు చెడును. పెక్కేండ్లు త్రాగినచో నెముకలు, కీళ్లు, వెన్నును బిగిసికొనును. బిగిసిన వెన్నును సరిచేయు మందు లేదు. కావున జాగ్రత్తయే వైద్యము.

హద్దు: లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము మించకుండుట మేలు. వేరు నీరు దొరకనిచోట 1.5 వరకు ఒప్పుదురు.

కొలత: నీటిలో జిర్కోనియము, అలిజరిను కలిసిన యెఱ్ఱని మందు వేయగా, ఫ్లోరైడు హెచ్చినకొలది యెఱుపు తగ్గి పసుపు వచ్చును. ఆ రంగును పట్టికతో పోల్చి చూడవలయును. ఒక బావినీరు మంచిదైనంతమాత్రమున ప్రక్కబావి మంచిదని నమ్మరాదు. ప్రతి బావిని, ప్రతి బోరును వేఱువేఱుగా పరీక్షింపవలయును.

తొలగించుట: కాచినందున ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియై తరుగుటచే చిక్కబడును. గుడ్డతో వడపోసినను పోదు. 1970 తరువాతి దశాబ్దమున నాగపూరులోని నీరీ సంస్థవారు కనిపెట్టి, నల్లగొండ పేరు పెట్టిన పద్ధతి యింటివారికి చేతనైనది. అడుగునకు కొంచెము పైగా కొళాయి గల 40 లీటర్ల తొట్టిలో నీరు నింపి, మొదట సున్నపునీరు, బ్లీచింగు పొడి, పిమ్మట పటికనీరు కలుపవలయును. ఒక నిమిషము వేగముగాను, పది నిమిషములు మెల్లగాను త్రిప్పి, గంటకు తక్కువగాకుండ కదల్పక యుంచవలయును. ఫ్లోరైడు మడ్డితో నడుగునకు దిగును. పైతేటనే పట్టుకొనవలెను.

పటిక మోతాదు నీటిలోని ఫ్లోరైడును, క్షారమును బట్టి మాఱును. పట్టికలో లీటరుకు 400 మిల్లీగ్రాములని యున్నచో 40 లీటర్లకు 16 గ్రాములు. సున్నము సుమా రందులో నిరువదవ వంతు. 100 గ్రాముల పటికను లీటరు ద్రావకముగా చేసి యుంచుకొన్నచో 160 మిల్లీలీటర్లు కొలిచి పోసిన చాలును. చేయి కొలతగా వేసినచో ఫ్లోరైడు మిగులును, లేదా పటిక మిగులును. రెండును మంచివి కావు. మడ్డిని బావి దగ్గరను, పశువులు త్రాగుచోటను పాఱబోయరాదు.

దీనికంటె సులభము, ఫ్లోరైడు లేని నీటిని తెచ్చుకొనుట. వాననీటను, చెరువునీటను సాధారణముగా నది స్వల్పము. కాని చెరువునీటిని క్రిములు పోవునట్లు శుద్ధిచేసియే త్రాగవలయును.

ఒక్కొక్క గృహస్థు పరీక్షసామగ్రి కొనుట కష్టము. సంఘముపక్షమున నొక పెట్టె కొని, ఒక యువకునికి నేర్పి, బావులన్నిటి లెక్కను సంఘపు గోడపై వ్రాయించుట కష్టముకాదు. వచ్చు సమావేశమున దీనిని చర్చింప ప్రార్థన.

ఆ పెద్దకాపు మొదట, "మా తాతలు త్రాగలేదా?" యనెను. తాతలు త్రాగినది పైబావి నీరు, బోరునీరు కాదు. లెక్క చూపిన పిమ్మట నాయన బోరును పైరునకు విడిచి, త్రాగుటకు శుద్ధిచేసిన చెరువునీరు తెప్పించుచున్నాడు. మనుమని పండ్లమచ్చలు మాయవు. వాని చెల్లెలి కింకను పాలపండ్లే.