మధుమేహం: పేరులో చోటు దక్కని రక్తనాళం

బొబ్బిలి పరిసరాలలోనూ, తక్కిన తెలుగునాట వలెనే, ‘షుగరు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి వ్యాధి, రెండవది రక్తపరీక్ష కాగితంపై అంకె. అంకె దిగితే వ్యాధి పోయిందనీ, ఇక మాత్రతో పనిలేదనీ భావించడానికి ఈ కలగలుపు వీలిస్తున్నది. శాస్త్రీయనామమైన మధుమేహమూ ఇంతకంటె మెరుగు కాదు. ‘మిహ్’ ధాతువు మూత్రవిసర్జనను తెలుపుతుంది. పేరు తీపి మూత్రమనే లక్షణం వద్దనే ఆగిపోయింది. గుండె, మూత్రపిండం, కంటిపొర దెబ్బతినేది మాత్రం రక్తనాళాల ద్వారానే.

రక్తనాళం లోపలి గోడను ఒకే కణం మందం గల పొర కప్పి ఉంటుంది. దీనిని ఎండోథీలియం అంటారు. తెలుగులో ‘లోపొర’ అనడం సుబోధకం. ఇది వట్టి పూత కాదు. ఈ పొర చెక్కుచెదరకుండా ఉన్నప్పుడే ఎసిటైల్‌కోలిన్ ప్రభావంతో నాళం సడలుతుందని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు ధమనులపై చూపాడు. ఆ సడలింపు సంకేతం నైట్రిక్ ఆక్సైడు అని తరువాత తేలింది. ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998 నోబెల్ బహుమతి దక్కింది ఇందుకే. గ్లూకోజు దీర్ఘకాలం హెచ్చుగా ఉంటే లోపొరలో ఆక్సీకరణ ఒత్తిడి పెరిగి నైట్రిక్ ఆక్సైడు కొరవడుతుంది. నాళం బిగుస్తుంది, తెల్లకణాలు గోడకు అంటుకుంటాయి. నొప్పి లేదు కనుక రోగికి తెలియదు.

గ్లూకోజును తగ్గించే మందులన్నీ నాళాన్ని ఒకే తీరున కాపాడవు. బ్రిటన్‌లోని యూకేపీడీఎస్ పరిశోధన ఫలితాలు 1998లో వెలువడ్డాయి. అధిక బరువు గలవారిలో మెట్‌ఫార్మిన్ వాడినపుడు, ప్రధానంగా ఆహార నియమంపైనే ఆధారపడినవారితో పోలిస్తే గుండెపోట్లు 39 శాతం తగ్గాయి. సల్ఫొనైల్‌యూరియా, ఇన్సులిన్ వాడినవారిలో గ్లూకోజు అంతే తగ్గినా అంతటి మేలు అప్పట్లో కానరాలేదు. మెట్‌ఫార్మిన్ కణంలోని ఏఎంపీకే ఎంజైమును ప్రేరేపించి, దాని ద్వారా నైట్రిక్ ఆక్సైడు ఉత్పత్తికి తోడ్పడుతుందని ప్రయోగశాల పరిశోధనలు చెబుతున్నాయి. అంకెను మరీ కిందికి దించాలని చూసిన అమెరికాలోని అకార్డ్ పరిశోధనలో మరణాలు పెరగగా, 2008లో ఆ చికిత్సను గడువుకు ముందే ఆపారు.

ఎంపాగ్లిఫ్లోజిన్ కథ భాషాభిమానికి ఆసక్తికరం. ఇది మూత్రపిండం గ్లూకోజును తిరిగి పీల్చుకోకుండా అడ్డుకుంటుంది; అంటే మూత్రాన్ని మందే తీపి చేస్తుంది. ఏ లక్షణం వ్యాధికి పేరైందో అదే చికిత్స అయింది! అప్పటికే హృద్రోగం ఉన్న 7,020 మందిపై జరిగి 2015లో వెలువడిన పరిశోధనలో హృదయ సంబంధ మరణాలు 38 శాతం తగ్గాయి. ఇందులో లోపొర వాటా ఎంత, ఉప్పు నీరు బయటికి పోవడం వల్ల గుండెకు తగ్గిన భారం ఎంత అన్న చర్చ ఇంకా ముగియలేదు. భారతదేశంలో 2025 మార్చిలో పేటెంటు ముగియడంతో దీని ధర బాగా దిగింది. చిన్న పట్టణాల రోగికి ఇది చిన్న మార్పు కాదు.

పొడపత్రి ఆకు నమిలితే కాసేపు తీపి తెలియదు. అది నాలుక మీది మాట, నాళం మాట కాదు. గుండెపోటును ఆపుతుందని చూపిన పెద్ద పరిశోధన దానికి లేదు. చోడి అంబలి మంచి ఆహారమే, మాత్రకు బదులు మాత్రం కాదు.

లోపొర స్థితిని పరోక్షంగా తెలిపే సులభమైన పరీక్ష ఒకటుంది. అదీ మూత్రానిదే. అయితే అందులో వెదికేది తీపిని కాదు, ఆల్బుమిన్ అనే మాంసకృత్తును. రక్తంలో గ్లూకోజు అదుపులో ఉన్నవారిలోనూ అది కనిపించవచ్చు.