పాత మారుతీ 800 నడుపుతున్నారా? క్లచ్ కేబుల్ తెగేముందు కనిపించే సంకేతాలు ఇవే!

నాన్న కొన్న మారుతీ 800ని ఇప్పటికీ అమ్మకుండా ఉంచుకున్నవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. 1983 డిసెంబర్‌లో రోడ్డెక్కిన ఈ కారు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అంటే ఇప్పుడు తిరుగుతున్న ప్రతి 800 వయసూ పదేళ్ల పైమాటే. ఇంజిన్ ఎంత బాగున్నా సరే.. ఒక్క సన్నని తీగ తెగితే బండి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. అదే క్లచ్ కేబుల్. మెకానిక్‌ల మాటల్లో క్లచ్ వైర్. మరి దాన్ని ఎప్పుడు మార్చాలి? ఎలా మారుస్తారు?

అసలు ఇది చేసే పనేంటి?

మీరు పెడల్ తొక్కగానే ఈ కేబుల్ గేర్‌బాక్స్ దగ్గరున్న లివర్‌ను లాగుతుంది. దాంతో ఇంజిన్‌కు, చక్రాలకు మధ్య లింక్ కాసేపు విడిపోతుంది. అప్పుడే గేర్ స్మూత్‌గా పడుతుంది. కేబుల్ లోపల ఉండేది ఒకే తీగ కాదు. సన్నని ఉక్కు పోగులన్నీ కలిపి పేనినది. నీళ్లు చేరి తుప్పు పట్టినా, వంపుల దగ్గర రాపిడికి గురైనా ఒక్కో పోగూ తెగుతూ వస్తుంది.

ఈ సంకేతాలు వదిలేయొద్దు

పెడల్ రోజురోజుకీ గట్టిపడుతోందా? తొక్కితే కిర్రుమంటోందా? వదిలాక నెమ్మదిగా పైకి వస్తోందా? రివర్స్ వేసేటప్పుడు గరగర శబ్దం వస్తోందా? అయితే ఓసారి కేబుల్ రెండు చివర్లూ చూడండి. పోగులు విడిపోయి కనిపిస్తే రిపేర్ గురించి ఆలోచించొద్దు, మార్చేయడమే.

మార్చే పద్ధతి ఇదీ

ముందు కారును చదునైన చోట ఆపి, న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేయాలి. ఇంజిన్ చల్లారాకే చెయ్యి పెట్టాలి. పాత కేబుల్ ఏ దారిలో వెళ్తోందో ఫోన్‌లో ఫొటో తీసుకుంటే తర్వాత పని సులువు.

గేర్‌బాక్స్ లివర్ దగ్గరున్న అడ్జస్టింగ్ నట్ తీసి, కేబుల్‌ను విడదీయాలి. తర్వాత లోపల పెడల్ పైభాగంలో ఉన్న హుక్ నుంచి రెండో చివర తప్పించి, మధ్యలో ఉన్న క్లిప్పులు, బోల్టులు తీసి బయటకు లాగాలి. కొత్తదాన్ని పాతదాని పక్కన పెట్టి పొడవు, చివర్లు ఒకేలా ఉన్నాయో లేదో చూడాలి. చివర్లకు కాస్త గ్రీజ్ రాసి, అదే దారిలో బిగించాలి. ఎక్కడా మెలిక పడకూడదు, వేడి పైపులకు తగలకూడదు. కారు కిందకు వెళ్లాల్సి వస్తే మాత్రం జాకీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. స్టాండ్లు పెట్టాల్సిందే.

అసలు మ్యాటర్ ఇక్కడే ఉంది

కేబుల్ బిగించగానే పని అయిపోయినట్టు కాదు. పెడల్‌ను చేత్తో నెమ్మదిగా నొక్కితే, మొదట కొంత దూరం తేలిగ్గా కదిలి ఆ తర్వాత బరువు తెలియాలి. దీన్నే ఫ్రీ ప్లే అంటారు. ఎంత ఉండాలో మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది. దాని ప్రకారమే నట్ తిప్పాలి. ఫ్రీ ప్లే అస్సలు లేకపోతే క్లచ్ జారుతూ ప్లేట్ త్వరగా అరిగిపోతుంది, కాలిన వాసన వస్తుంది. అప్పుడు కేబుల్‌తో పోయే ఖర్చు క్లచ్ సెట్ దాకా వెళ్తుంది. మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడిపోక గేర్లు మొరాయిస్తాయి. కొత్త కేబుల్ కొద్దిరోజుల్లో సర్దుకుంటుంది కాబట్టి ఆ తర్వాత మరోసారి చెక్ చేయించాలి.

దారిలోనే తెగిపోతే?

పెడల్ ఒక్కసారిగా తేలికైపోయి నేలకు అంటుకుందంటే కేబుల్ తెగినట్టే. కంగారు పడొద్దు. యాక్సిలరేటర్ వదిలేసి గేర్ లివర్‌ను న్యూట్రల్‌లోకి లాగండి. బ్రేకులు పనిచేస్తూనే ఉంటాయి. మెల్లగా రోడ్డు పక్కకు తీసుకెళ్లి ఆపి, హజార్డ్ లైట్లు వేయండి. గేర్‌లో ఉండగా మాత్రం తాళం తిప్పొద్దు. క్లచ్ విడిపోదు కాబట్టి కారు ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఎదురుగా మనుషులుంటే పెద్ద ప్రమాదమే. బండిని మెకానిక్ దగ్గరికి టో చేయించడమే సేఫ్.

పెడల్ బరువెక్కిందంటే వయసైపోయిందిలే అని సర్దుకుపోవద్దు. ఈ వారమే బానెట్ ఎత్తి ఓసారి చూడండి.