పాటకు పొడుపు, పొడుపునకు విడుపు

పాట పాడరాదు, దాని పేరు పలుకరాదు, ఐనను ఎదుటివాని నోట ఆ పేరు పలికింపవలెను. ఇది యొక ఆట. సినిమా పాటలతో ఈ ఆట మన యిండ్లలో క్రొత్త గాదు. కాని హెవీ మెటల్ అను పాశ్చాత్య సంగీతపు పాటలతో, అదియు తెలుగు పొడుపులతో, దీని నాడుచుండగా మేము సిద్దిపేటలో చూచితిమి. ఆ సంగీతమును గూర్చియు, ఆ పొడుపుల మర్మమును గూర్చియు నాలుగు మాటలు చెప్పుట ఈ ప్రసంగమున కుద్దేశము.

హెవీ మెటల్ అనగా మాటకు మాట బరువైన లోహము. విద్యుత్ గిటారులు, పెద్ద డ్రమ్ములు, గొంతు చించుకొని పాడెడి పాట. తొలిసారి విన్నవారికి కంచరి వీధిలో నిలుచున్నట్లుండును. ఇది వట్టి వేళాకోళము గాదు. ఇంగ్లండులోని బర్మింగుహాము కర్మాగారముల పట్టణము. అచ్చట టోనీ అయోమీ అను పదునేడేండ్ల యువకుడు 1965లో రేకుల కర్మాగారమున పనిచేయుచు కుడిచేతి రెండు వ్రేళ్ల కొనలను యంత్రమునకు పోగొట్టుకొనెను. ఎడమచేతివాట మగుటచే, అతడు గిటారు తీగలను నొక్కునవి ఆ కుడిచేతి వ్రేళ్లే. ప్లాస్టిక్ సీసాను కరగించి వ్రేళ్లకు తొడుగులు చేసికొనెను. పలుచని తీగలు కట్టెను. కొన్నాళ్లకు శ్రుతిని దించి, తీగలను వదులు చేసి వాయించెను. ఆ దించిన శ్రుతిలోని గంభీరధ్వనియే పిదప ఈ సంగీతమునకు గుర్తయ్యెను. అతని బృందము బ్లాక్ సబాత్. వారి తొలి ఆల్బము 1970 ఫిబ్రవరిలో వెలువడెను. హెవీ మెటల్‌కు మొదలు అదియే యని పలువురి మతము.

ఇక సిద్దిపేట మాట. కోమటి చెరువు వైపున మా బంధువుల మేడమీద, దసరా సెలవులలో, ఆరేడుగురు యువకులు కూర్చుండిరి. అందరును ఈ సంగీతమున పడి మునిగినవారే. ఒకడు ఆంగ్లమున వంకర మాటలతో ఒక సూచన చెప్పును. తక్కినవారు పాట పేరు కనుగొనవలెను. అందులో ఒక పిల్లవాడు మాత్రము నోరు విప్పలేదు. అతడు తెలుగు మాధ్యమమున చదివినవాడు. ఏ పాటలో గిటారు ఎచ్చట వంగునో, డ్రమ్ము ఎచ్చట ఆగునో అతనికి కంఠస్థము. చేతివ్రేళ్లతో మోకాలిపై వాయించి చూపగలడు. కాని సూచన ఆంగ్లమగుటచే ప్రతిసారియు ఓడుచుండెను. పాట తెలిసియు ఓడుట చూచువారికే కష్టముగా నుండెను. రెండు మూడు ఆటలైన పిమ్మట అతడు చెప్పులు వెదకుకొనుట చూచి, మాతో వచ్చిన తెలుగు పండితుడొకరు, "పొడుపులు తెలుగున వేయుడు" అనిరి. పిల్లలు నవ్విరి. ఆ పాటలకు తెలుగేమిటి యని వారి భావము.

మనకిది పూర్వమునుండి ఉన్న విద్యయే. వాత్స్యాయనుడు చెప్పిన అరువదినాలుగు కళలలో ప్రహేళిక యొకటి. నేటి అంత్యాక్షరికి పెద్దమ్మ యనదగిన ప్రతిమాలయు అందే కలదు. దండి తన కావ్యాదర్శమున ప్రహేళికలను పదునారు విధములుగా విభజించి, వాని ప్రయోజనమును గూడ చెప్పెను: వినోదగోష్ఠులయందును, నలుగురిలో రహస్యము పలుకుటకును, ఎదుటివారిని తికమక పెట్టుటకును ఇవి పనికివచ్చునట. భామహున కివి యంతగా నచ్చలేదు. వ్యాఖ్య లేనిదే తెలియని కావ్యము తెలివిగలవారికి మాత్రమే పండుగ యని అతని ఆక్షేపణ. ఆ మేడమీద భామహుని మాటయే నిజమగుచున్నట్లు మాకు తోచెను.

పొడుపు వేయువాడు తప్పుదారి పట్టింపవచ్చును, కాని అబద్ధమాడరాదు. విడిపోయిన పిమ్మట ప్రతి మాటయు తన చోట సరిగా కూర్చుండవలెను. "అయ్యో, కంటి యెదుటనే యున్నదే" అని ఓడినవాడు అనవలెను గాని, "ఇది అన్యాయము" అనరాదు. పండితుడు చెప్పిన షరతు ఇంతే.

మొదటి తెలుగు పొడుపు ఇది: "పేటలలో నల్లని పేట. అందు రాజునకు పైవాడును, రెంటికి క్రిందివాడును ఒక్కడే." సిద్దిపేటవారికి పేట యనగానే ఊరు తోచును గదా! ఒకడు నల్లని ఊరేదియా యని ఆలోచించుచుండగా, ఆ మౌనముగానున్న పిల్లవాడు "ఇస్పేటు ఆసు" అని అరచెను. పేకలో ఆసు రాజునకు పైన, రెంటికి క్రింద నిలుచును. మోటర్‌హెడ్ బృందమువారు 1980లో పాడిన పాట పేరునకు తెలుగు ఇదియే. (ఆ బృందనాయకుడు తమది హెవీ మెటల్ గాదు, వట్టి రాక్ అని వాదించెడివాడు. అభిమానులు వినలేదు.)

రెండవ పొడుపున పెద్ద వివాదము పుట్టెను. ఐరన్ మెయిడెన్ బృందము 1982లో పాడిన పాట యొకటి క్రూరమృగపు సంఖ్యను గూర్చినది. ఆ సంఖ్య క్రైస్తవుల ప్రకటన గ్రంథమున చెప్పబడిన 666. పండితుని పొడుపు: "మూడు మార్లు రసము పోసిన భూతసంఖ్య." మన కవులును శాసనకర్తలును సంవత్సరములను మాటలలో చెప్పెడి పద్ధతికి భూతసంఖ్య యని పేరు. చంద్రుడనగా ఒకటి, వేదమనగా నాలుగు, బాణమనగా ఐదు, రసమనగా ఆరు. అచ్చట భూతమనగా ఉన్న వస్తువే గాని దయ్యము గాదు. కాని దయ్యమను అర్థముకూడ ఆ మాటకున్నది గనుక పాట పేరు రెండు విధముల కుదిరినది. వినగానే మేము చప్పట్లు కొట్టితిమి. ఇంజనీరింగు చదువుచున్న యొకడు మాత్రము లేచి, "రసములు తొమ్మిది గదండీ, నవరసములు" అనెను. పండితుడు షడ్రుచుల మాట ఎత్తెను. సంఖ్యలు చెప్పుటలో రసమునకు ఆరే వాడుక యని వాదించెను. వాదము అరగంట సాగెను. తుదకు పండితుడే దిగివచ్చి, రెండు లెక్కలకు తావిచ్చుట దోషమని ఒప్పుకొని, "వసంతాదులు, కామాదులు, వేదాంగములు వరుసగా నిలిచిన భూతసంఖ్య" అని మార్చెను. మూడును ఆరారే. మాకు మొదటిదే రుచిగా నుండెను. రెండవది న్యాయముగా నుండెను.

మెటాలికా బృందము 1986లో వెలువరించిన పాట యొకదాని పేరు బొమ్మలాడించు యజమాని యను నర్థము గలది. తోలుబొమ్మలాట ఎరిగిన మనకు ఇంతకంటె తేలికయైనది లేదని అందరును అనుకొనిరి. "తెర వెనుక వ్రేళ్లు, తెర ముందు తోలు" అని ఒకడు వేసెను, క్షణములో విడిపోయెను. అప్పుడా పిల్లవాడు, "అసలు ఆ పాటలో యజమాని ఎవడు అన్నా?" అని అడిగెను. ఇన్నేండ్లు విన్న పాటకు అర్థము అతనికి తెలియదు. నిజమునకు తక్కినవారిలోను సగముమందికి తెలియదు. ఆ యజమాని మత్తుమందు. పాట దానికి బానిసయైనవాని దుస్థితి. చెప్పగా విని అతడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట మెల్లగా, "మొదట నేను దాన్ని పీల్చిన, ఎనుక అది నా దారాలు గుంజింది" అనెను. ఆ రాత్రి వేసిన పొడుపులన్నిటిలో మేలైనది ఇది. పాట పేరును, పాట ప్రాణమును రెండును ఇందున్నవి. అటుపై అతని చెప్పుల మాట ఎవరికిని జ్ఞాపకము రాలేదు.

బ్లాక్ సబాత్ వారి 1970 నాటి పాట యొకదానికి మరొకడు వేసిన పొడుపు: "వానకు తడిసిన చెడును, కొలిమిలో కాలిన బాగుపడును, వాడెవడు?" పిల్లలు తర్కించుచుండగా, మక్కలు ఒలుచుచున్న ఆ యింటి నాయనమ్మ తల యెత్తకయే, "గిది శాత్రమే గద బిడ్డా! ఇనుప మనిషి గాక ఇంకెవడు?" అనెను. ఆమె ఆ పాటను ఎన్నడును విని యెరుగదు. పిల్లలు వెంటనే వినిపించిరి. కొంతసేపు విని, ఇనుప మనిషైతే గట్లనే ఒర్లుతడని తీర్పు చెప్పి మరల కంకి చేతబట్టెను.

ఆ పిల్లవాడు మేము బయలుదేరునప్పుడు గేటు దాక వచ్చి మరియొకటి వేసెను. అది ఐరన్ మెయిడెన్ వారి 1992 నాటి పాటకు. "దీపమున్నంతసేపు లేదు, దీపమార్పిన వచ్చును, వచ్చినది కంటికి కనబడదు, గుండెకు వినబడును." బస్సు సగము దారి వచ్చినదాక మాకు విడిపోలేదు. విడుపు ఇచ్చట వ్రాయము.