దోషపాఠం – వాక్యవిశ్లేషకి

ఒక నియత వ్యాకరణాన్ని అనుసరించి పాఠాన్ని అవయవాలుగా విడదీసి, వాటి అన్వయాన్ని నిర్ణయించే ప్రోగ్రాంను పార్సర్ లేదా వాక్యవిశ్లేషకి అంటారు. వ్యాకరణానికి లొంగని పాఠం ఎదురైనప్పుడు అది దోషాన్ని గుర్తించాలి, స్థానాన్ని తెలపాలి, మిగిలిన భాగాన్ని చదవడానికి మళ్లీ నిలదొక్కుకోవాలి. గుర్తించడం సులభమే, స్థాననిర్దేశమే తరచు మోసపుచ్చుతుంది.

పదకొండవ శతాబ్దిలో రాజమహేంద్రవరాన, రాజరాజనరేంద్రుని ఆస్థానంలో నన్నయ భారతాంధ్రీకరణకు వాడిన వృత్తాలు కూడా నియత వ్యాకరణానికి ఒదిగేవే కనుక, ఈ విషయాన్ని వాటియందే పరీక్షింపవచ్చు. ఉత్పలమాల పాదానికి భ, ర, న, భ, భ, ర, వ గణాలు, 20 అక్షరాలు. చంపకమాలకు న, జ, భ, జ, జ, జ, ర గణాలు, 21 అక్షరాలు. మొదటి దాని తొలి గురువును రెండు లఘువులు చేస్తే రెండవది వస్తుంది; పాఠకుడు గురులఘువులు వేసి సరిచూచుకోవచ్చు. లేఖకుని పొరపాటున ఉత్పలమాల తొలి గురువు లఘువైనదనుకుందాం. ఈ రెండు వృత్తాలనే ఎరిగిన విశ్లేషకి దాన్ని చంపకమాలగా భావించి, తర్వాతి రెండు లఘువులనూ ఆమోదించి, నాల్గవ చోట గురువు కనబడగానే ఆగుతుంది. దోషం మొదటి అక్షరంలో, ఫిర్యాదు నాల్గవ అక్షరం మీద! కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ క్నూత్ 1965లో ప్రతిపాదించిన ఎల్ఆర్ విశ్లేషణ సైతం ఇంతకు మించి చేయలేదు: చదివిన భాగం ఏ సాధుపాఠానికీ ఆరంభం కాజాలదని తేలిన తొలి స్థానంలో అది ఆగుతుంది, అంతే.

సవరణ మరింత సందిగ్ధం. ఆ లఘువును గురువు చేస్తే ఉత్పలమాల, దాని పక్కన మరొక లఘువును చేర్చితే చంపకమాల. రెండూ ఒక్కొక్క మార్పే కనుక కనిష్ఠ సవరణ సూత్రం ఇక్కడ తీర్పు చెప్పలేదు. మిగిలిన మూడు పాదాలను చూడవలసిందే.

అందుచేత, ప్రోగ్రాంను విశ్లేషించి యంత్రభాషలోకి మార్చే కంపైలర్లు అనేకం సవరణకు పూనుకోక, సెమికోలన్ వంటి నిశ్చిత చిహ్నం వచ్చేవరకు పాఠాన్ని విసర్జించి, అక్కడినుంచి మళ్లీ ఆరంభిస్తాయి. పద్యంలో ఆ స్థానం పాదాంతానిది. అయితే తాళపత్రాలలో పద్యం ఏకధారగా సాగేది; పదం ఒక పాదంలో మొదలై మరొక పాదంలో ముగిసేది. అక్కడ ఒక్క అక్షరం లోపిస్తే, బ్రాకెట్ మరచిన ప్రోగ్రాంలో వలెనే, తర్వాతివన్నీ తప్పులుగా తోస్తాయి. అప్పుడు ఆదుకునేది ప్రాస: నాలుగు పాదాలలోనూ రెండవ అక్షరపు హల్లు ఒకటే కనుక, దాన్ని వెదికి పాదారంభాన్ని తిరిగి పట్టుకోవచ్చు. ప్రాసను కేవలం శబ్దాలంకారంగా చూసేవారు ఈ ప్రయోజనాన్ని విస్మరిస్తున్నారు.

సవరణకు పూనుకున్న కంపైలర్లూ లేకపోలేదు. 1970ల ఆరంభంలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో రూపొందిన పీఎల్/సీ కంపైలర్ విద్యార్థుల తప్పులను తానే సవరించి ప్రోగ్రాంను నడిపేది. ప్రోగ్రాంను పంచ్ కార్డుల కట్టగా అప్పగించి ఫలితానికై నిరీక్షించే ఆ రోజుల్లో, ఒక్క కామా లోపానికి నిరీక్షణ అంతా వ్యర్థం కాకూడదన్నది దాని న్యాయం. క్షణాల్లో ఫలితం వచ్చే నేడు, సవరణను సూచనగా చూపి, అంగీకారాన్ని రచయితకే విడిచిపెట్టడం ఉచితం.