సెక్యూర్ షెల్

సెక్యూర్ షెల్ అనగా ఒక కంప్యూటరు నుండి దూరముగా ఉన్న మరొక కంప్యూటరులోనికి నెట్‌వర్కు ద్వారా సురక్షితముగా ప్రవేశించి, అచ్చట ఆదేశములను నడుపుటకు ఉపయోగించు ప్రోటోకాలు. దీనిని సంక్షిప్తముగా ఎస్.ఎస్.హెచ్. అని వ్యవహరింతురు. వెబ్ సైట్లను నడుపు సర్వర్లకు సాధారణముగా తెర గాని, కీబోర్డు గాని తగిలించి ఉండవు. వాటి నిర్వాహకులు ఎక్కువగా ఈ మార్గముననే వాటిలో పనిచేయుదురు. ఎస్.ఎస్.హెచ్. సర్వరుకు కేటాయించిన పోర్టు సంఖ్య 22.

చరిత్ర

దూరపు కంప్యూటరులోనికి ప్రవేశించుటకు 1969లో రూపొందిన టెల్నెట్ చాలాకాలము వాడుకలో ఉండినది. అందులో సంకేతపదముతో సహా సమస్తమును మామూలు అక్షరములుగానే ప్రయాణించును. దారిలో నెట్‌వర్కును గమనించువారెవరైనను దానిని చదువవచ్చును. 1995లో ఫిన్లాండు దేశములోని హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఇట్లే సంకేతపదములు దొంగిలించబడినవి. ఆ సంఘటన తరువాత అక్కడి పరిశోధకుడు తాతు యులోనెన్ ఎస్.ఎస్.హెచ్.ను రచించి, అదే సంవత్సరము జూలైలో విడుదల చేసెను. 1999లో ఓపెన్ బీఎస్‌డీ బృందము దీని స్వేచ్ఛా రూపమైన ఓపెన్ ఎస్.ఎస్.హెచ్.ను వెలువరించినది. మొదటి కూర్పులోని లోపములను తొలగించిన రెండవ కూర్పు 2006లో అంతర్జాల ప్రమాణముగా ప్రకటింపబడినది.

ప్రవేశించు విధానము

లినక్స్, మ్యాక్ కంప్యూటర్లలో టెర్మినల్ తెరచి, ఎస్.ఎస్.హెచ్. అను మూడు ఆంగ్ల అక్షరములను టైపు చేసి, ఒక ఖాళీ విడిచి, సభ్యనామము, @ గుర్తు, సర్వరు పేరు వరుసగా కలిపి వ్రాసి ఎంటర్ నొక్కవలెను. విండోస్‌లో పుట్టీ అను ఉచిత సాఫ్టువేరు చాలాకాలముగా ప్రసిద్ధము. 2018 నుండి విండోస్ 10లో ఈ ఆదేశము కూడ చేర్చబడినది.

మొదటిసారి ప్రవేశించునపుడు సర్వరు తాళపుచెవి యొక్క "వేలిముద్ర" తెరపై కనిపించి, దీనిని నమ్మి కొనసాగవలెనా అను ప్రశ్న వచ్చును. ఇది చాలా ముఖ్యమైన ఘట్టము. గూఢలిపి వలన దారిలో ఎవరును చదువలేరు గాని, అవతలి కొసన ఉన్నది ఎవరో గూఢలిపి మాత్రమే చెప్పజాలదు. వేలిముద్రను సరిచూడకుండ అంగీకరించినచో, సంకేతపదమును దొంగకే భద్రముగా చేరవేసినట్లగును. కావున నిర్వాహకుల వద్దనుండి వేలిముద్రను ముందుగానే తీసుకొని పోల్చవలెను. ఒకసారి అంగీకరించిన తాళపుచెవి మన కంప్యూటరులో భద్రపరచబడును. తరువాత ఎప్పుడైనను అది మారినచో హెచ్చరిక వచ్చును. సర్వరును తిరిగి స్థాపించుట వలన మారియుండవచ్చును, లేదా మధ్యలో మరొకరు చొరబడియుండవచ్చును. కారణము తెలియకుండ ముందుకు పోరాదు.

సంకేతపదము టైపు చేయునపుడు తెరపై చుక్కలు కూడ కనబడవు. ఇది లోపము కాదు.

సంకేతపదమునకు బదులు తాళపుచెవుల జంటను కూడ వాడవచ్చును. అందులో బహిరంగ చెవిని సర్వరుపై ఉంచుదురు. రహస్య చెవి మన కంప్యూటరును విడిచి పోదు. దానితో చేసిన సంతకమును మాత్రమే సర్వరు పరీక్షించును.

ప్రాథమిక ఆదేశములు

ఇవి చిన్న ఆంగ్ల అక్షరములతోనే టైపు చేయవలెను. లినక్స్‌లో చిన్న, పెద్ద అక్షరములు వేరువేరుగా పరిగణింపబడును.

* పీడబ్ల్యూడీ: ప్రస్తుతము ఏ డైరెక్టరీలో ఉన్నామో తెలుపును.
* ఎల్ఎస్: ఆ డైరెక్టరీలోని ఫైళ్ళ పట్టికను చూపును.
* సీడీ: వేరొక డైరెక్టరీలోనికి మారుటకు. దీని తరువాత ఖాళీ విడిచి రెండు చుక్కలు పెట్టినచో పై డైరెక్టరీకి పోవును.
* ఎంకేడీఐఆర్: క్రొత్త డైరెక్టరీని సృష్టించును.
* లెస్: ఫైలును పుటలవారీగా చూపును. క్యూ అక్షరము నొక్కినచో బయటకు వచ్చును.
* సీపీ: ఫైలుకు నకలు తీయును.
* ఎంవీ: ఫైలును వేరొక చోటికి మార్చును, లేదా పేరు మార్చును.
* ఆర్ఎం: ఫైలును తొలగించును.
* మ్యాన్: దీని తరువాత వ్రాసిన ఆదేశమునకు సంబంధించిన వివరణను చూపును.
* ఎగ్జిట్: సర్వరునుండి నిష్క్రమించుటకు.

జాగ్రత్తలు

టెర్మినల్‌లో ఆర్ఎం తొలగించిన ఫైలు చెత్తబుట్టలోనికి పోదు, నేరుగా పోవును. సీపీ, ఎంవీ ఆదేశములు కూడ అదే పేరుతో ఉన్న పాత ఫైలును సాధారణముగా అడుగకుండనే చెరిపి వ్రాయును. ఈ మూడింటికిని "-ఐ" అను ఐచ్ఛికమును, ఆంగ్లములో చిన్న ఐ అక్షరముతో, చేర్చినచో ముందుగా అడుగును. అనేక కిటికీలు తెరచి పనిచేయువారు సొంత కంప్యూటరు అనుకొని సర్వరుపై ఫైళ్ళను తొలగించు ప్రమాదము కలదు. కావున తొలగించుటకు ముందు హోస్ట్‌నేమ్, పీడబ్ల్యూడీ ఆదేశములతో యంత్రమును, స్థానమును నిర్ధారించుకొనవలెను.

నెట్‌వర్కు తెగిపోయినచో నడుచుచున్న పని కూడ సాధారణముగా ఆగిపోవును. దీర్ఘకాలము నడుచు పనులను స్క్రీన్ లేదా టీమక్స్ అను సాఫ్టువేరులలో ప్రారంభించినచో, మరల ప్రవేశించి కొనసాగించవచ్చును.

భద్రతా సంఘటనలు

డెబియన్ లినక్స్‌లో 2006లో జరిగిన ఒక మార్పు వలన తాళపుచెవులు ఊహింపదగినవిగా తయారైనవి. ఇది 2008 మే నెలలో బయటపడినది. అటువంటి చెవులన్నిటిని మార్చవలసి వచ్చినది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అను సాఫ్టువేరులో ఎస్.ఎస్.హెచ్. సర్వర్లను లోబరచుకొనుటకు ఎవరో దాచిన దొడ్డిదారి కనుగొనబడినది. సర్వరులోనికి ప్రవేశము సుమారు అర సెకను ఆలస్యమగుటను గమనించి, ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దీనిని పట్టుకొనెను.