లారీ ఇంజను ఐడ్లింగు లోపం

ఆక్సిలరేటరు తొక్కకుండా, గేరు వేయకుండా ఉన్నపుడు ఇంజను తనంతట తాను నెమ్మదిగా తిరుగుతూ ఉండడాన్ని ఐడ్లింగు అంటారు. లారీ డీజిల్ ఇంజను ఈ స్థితిలో సాధారణంగా నిమిషానికి 550 నుండి 700 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం ఒక్క తీరున నిలవక, ఇంజను కుదుపుతూ, మధ్యమధ్య ఒక దెబ్బ తప్పినట్లు శబ్దం చేస్తే దానిని ఐడ్లింగు లోపంగా పరిగణిస్తారు. వాడుకలో దీనిని మిస్సింగు అంటారు.

ఇంజను ఆయిలును సకాలంలో మార్చకపోవడం ఈ లోపానికి ఒక కారణం. అయితే దాని ప్రభావం అరిగిన భాగాల ద్వారా ఆలస్యంగా బయటపడుతుంది. కనుక ఆయిలు మార్చగానే లోపం పోతుందనుకోవడం పొరపాటు. ఆయిలు మార్చలేదు కాబట్టి బోరు పోయిందని పరీక్షించకుండానే తేల్చడం అంతకంటే ఖరీదైన పొరపాటు.

ఆయిలు పాడైతే జరిగేది

డీజిల్ ఇంజనులో స్పార్కు ప్లగ్గు ఉండదు. పిస్టను గాలిని సుమారు 16 నుండి 18వ వంతుకు నొక్కినపుడు పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. ఆ గాలిని జారిపోకుండా పట్టి ఉంచేవి పిస్టను రింగులు, వాల్వులు. ఇంజను నడిచేకొద్దీ ఆయిలులో మసి, ఆమ్లాలు, కొంత కాలని డీజిల్ చేరతాయి. కొత్త ఆయిలులోని రసాయనాలు మసిని ముద్దకట్టనీయవు, ఆమ్లాలను విరుస్తాయి. గడువు దాటేకొద్దీ ఆ శక్తి తరిగి, ఆయిలు చిక్కబడి మడ్డి కడుతుంది. మడ్డితో ఫిల్టరు మూసుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకుని, వడకట్టని ఆయిలే బేరింగులకు చేరుతుంది. రింగుల గాడులలో మసి గట్టిపడి రింగులు బిగుసుకుపోతాయి. కామ్‌షాఫ్టు, రాకరు ఆర్ములు అరిగి వాల్వుల సందు మారుతుంది.

ఇలా ఒక సిలిండరులో ఒత్తిడి తగ్గినా, బండి వేగంగా పోతున్నపుడు అంతగా తెలియదు. అప్పుడు గాలి జారిపోవడానికి వ్యవధి చాలదు, ఫ్లైవీలు ఊపు మిగతా లోటును కప్పివేస్తుంది. ఇంజను నెమ్మదించినపుడే లోపం వినబడుతుంది.

ఆయిలు గడువును కిలోమీటర్లలో మాత్రమే లెక్కించడం వల్ల కూడా చిక్కు వస్తుంది. చిత్తూరు ప్రాంతంలో మామిడి కాలంలో తోతాపురి కాయల లోడుతో గుజ్జు ఫ్యాక్టరీల ముందు వాహనాలు బారులు తీరుతాయి. ఇంజను ఆపకుండా అలా గంటల తరబడి జరుగుతూ ఉంటే మీటరు తిరగదు గాని, ఆయిలులో మసి, డీజిల్ చేరుతూనే ఉంటాయి.

లోపాన్ని గుర్తించే క్రమం

ఐడ్లింగు లోపాలలో చాలావరకు డీజిల్ సరఫరాకు సంబంధించినవే. కనుక ముందు డీజిల్ ఫిల్టరు, అందులోని నీరు, గొట్టాలలో గాలి చేరడం వంటివి చూడాలి. తరువాత డిప్‌స్టిక్ తీయాలి. ఆయిలు నల్లగా ఉండడం దోషం కాదు. డీజిల్ ఇంజనులో కొత్త ఆయిలు సైతం త్వరలోనే నల్లబడుతుంది. మట్టం పెరిగి డీజిల్ వాసన వస్తే నాజిల్ గాని, పంపు గాని కారుతున్నదని, పాలలా తెల్లబడితే నీరు కలిసిందని అనుమానించాలి. నీరు కలిసినపుడు ఇంజనును నడపరాదు.

పాత తరహా మెకానికల్ పంపు ఉన్న ఇంజనులో దోషమున్న సిలిండరును కనుగొనడం సులభం. ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క నాజిల్ గొట్టపు నట్టును కొద్దిగా వదులు చేస్తారు. బాగున్న సిలిండరు దగ్గర శబ్దం మారుతుంది. మారని చోటే దోషం ఉంది. ఆ నాజిల్‌ను పక్క సిలిండరుకు మార్చి చూసినపుడు లోపం నాజిల్‌తో పాటు వెళ్తే నాజిల్‌దే తప్పు. లోపం అక్కడే ఉండిపోతే టాపెట్ల సందు సరిచూసి, ఆపైన ఆ సిలిండరు ఒత్తిడిని గేజితో కొలవాలి. బ్రీతరు గొట్టం నుండి పొగ ఉధృతంగా రావడం, సైలెన్సరు నుండి నీలి పొగ రావడం రింగుల దోషాన్ని బలపరిచే గుర్తులు. నీలి పొగ టర్బో సీలు పోయినా వస్తుంది.

కామన్ రైల్ ఇంజనులో నట్టు వదులు చేసే పరీక్ష ఎంతమాత్రం చేయరాదు. అందులో డీజిల్ ఒత్తిడి వందల బార్లలో ఉంటుంది. సన్నని చిమ్ము చర్మాన్ని చీల్చుకుని లోనికి పోగలదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన భారత్ స్టేజ్ 6 లారీలలో ఈ పరీక్షను స్కానరుతోనే చేస్తారు. ఈ బండ్లలో మసి ఫిల్టరు ఉన్నందున తక్కువ బూడిద మిగిల్చే ఆయిలునే వాడాలి.

ఘాట్ రోడ్లపై ప్రమాదం

చిత్తూరు, పలమనేరుల మధ్య మొగిలి ఘాట్‌లోను, తిరుపతి, పీలేరుల మధ్య భాకరాపేట ఘాట్‌లోను ఈ లోపం ప్రమాదకరం. గేరు మార్చడానికి క్లచ్చి తొక్కిన క్షణంలో ఇంజను ఆగిపోతే పవర్ స్టీరింగు బిగుసుకుంటుంది, బ్రేకులకు గాలినందించే కంప్రెసరు నిలిచిపోతుంది. తొట్టెలలో మిగిలిన గాలి కొన్నిసార్లు బ్రేకు వేయడానికే సరిపోతుంది.

మరమ్మతు

రింగులు కొద్దిగా మాత్రమే బిగుసుకుని ఉంటే, వేడిగా ఉన్నపుడే పాత ఆయిలును దించి, ఫిల్టరుతో సహా మార్చి, తరువాతి మార్పును గడువుకు ముందే చేస్తే కొంత గుణం కనిపించవచ్చు. అయితే కొత్త ఆయిలుకు విడిపోయిన మడ్డి, సంపులోని జల్లెడకు అడ్డుపడవచ్చు. ఆ రోజుల్లో ఆయిలు ప్రెషరు ముల్లు పడిపోతే ఇంజనును వెంటనే ఆపి సంపు విప్పించాలి. ఒత్తిడి అప్పటికీ పెరగకపోతే హెడ్డు దించి, వాల్వులను పరీక్షించి, బోరు కొలిచిన మీదటనే రింగులా, లైనర్లా అనేది నిర్ణయిస్తారు.